పన్నెండో చెవి

"మూడు దొంగతనాలు, మూడు ఫోన్ కాల్స్, ఒక్క ముసలమ్మ. ఇంకా ఏం తేలాలి తల్లీ నీకు?" అంటూ ఇన్‌స్పెక్టర్ తాక్ చేతిలోని కాగితాన్ని ఇన్‌సుక్ ముక్కు ముందు విసనకర్రలా ఆడించాడు.

ఇన్‌సుక్ కాగితం వైపు చూడలేదు, గడియారం చూసుకుంది. పన్నెండూ ఇరవై ఐదు. సరిగ్గా ఒంటిగంటకు, మునిగి వచ్చినవాళ్ళు చలి కాచుకునే ఈ నిప్పుగదిలో ఆడవాళ్ళందరూ చేతులెత్తుతారు. ఎత్తారంటే ఓక్‌సున్ పెద్దమ్మకు ఇక ఈ జన్మలో సముద్రం లేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పదిహేనో ఏట నీళ్ళలో దిగింది. పోలీసు కేసు సంగతి అలా ఉంచండి, నలుగురితో కలిసి మునగనివ్వకపోతే ఆమె నెల తిరక్కుండా ప్రాణం వదిలేస్తుంది. అది ఇన్‌సుక్‌కు తెలుసు. తల్లి నీళ్ళలో పోయాక ఆమె చేతి ముద్ద తిని పెరిగిన పిల్ల కదా.

సంగతి ఏమిటంటే, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గుల్లలు ఏరే ఆ దీవి ఊరి మునక ఆడవాళ్ళకు నాలుగు కడలిమళ్ళు, అంటే నీటి అడుగున గుల్లలు పెంచే మళ్ళు, ఉన్నాయి. పిల్లగుల్లల్ని చల్లి, రెండేళ్ళు ముట్టకుండా, కంటికి రెప్పలా కాపాడుకుంటారు. గుల్ల అరచెయ్యంత అయ్యాక ఏ మడి ఏ రోజు తెరవాలో నిప్పుగదిలో మంట చుట్టూ కూర్చుని నోటిమాటగా తేల్చుకుంటారు. కాగితం మీద పెట్టరు, మగవాళ్ళను గడప తొక్కనివ్వరు. కాలం పాడైందని ఈ మధ్య ఫోన్లు కూడా ఒక బుట్టలో వేసి బయట మేకుకు తగిలించి మరీ కూర్చుంటున్నారు. అంత చేసినా ఈ శరదృతువులో మూడు మళ్ళు పోయాయి. వీళ్ళు తేల్చుకున్న రోజుకు సరిగ్గా ముందురోజు, గాలి సిలిండర్లు వీపున కట్టుకున్న దొంగలు పడవలో వచ్చి అడుగంటా గీకేసుకుపోయారు. మిగిలింది నాలుగో మడి ఒక్కటే.

"కాల్స్ ఎన్నింటికి?" అంది ఇన్‌సుక్.

"కాగితంలో ఉంది, చదువుకో. టెలిఫోన్ స్తంభాలెక్కి వైర్లు కట్టినదానివి, ఆ మాత్రం చదువు రాదా? డిటెక్టివ్ అని బోర్డు పెట్టగానే సరా!"

"నాకు కళ్ళజోడు కావాలి. నీకు నోరుంది. నువ్వే చదువు."

తాక్ బూసాన్ మనిషి. దీవి ఆడవాళ్ళ నోటికి ఇంకా అలవాటు పడలేదు. గొంతు సవరించుకుని చదివాడు. మొదటిది పన్నెండూ యాభై ఆరుకు. రెండోది ఒంటిగంటా నాలుగుకు. మూడోది పన్నెండూ నలభై తొమ్మిదికి. మూడూ ఓక్‌సున్ ఫోను నుంచే, మూడూ ఆవలి ఒడ్డున ఒకే నంబరుకు. ఆ నంబరు ఎవరో చచ్చిపోయినవాడి పేరు మీదుంది, ఇప్పుడు మోగదు.

"మీటింగ్ అవగానే గోడ చాటుకెళ్ళి ఫోన్ చేసింది. అంతే కథ," అన్నాడు.

"మీటింగ్ ఎన్నింటికి అయిందో ఎవరినైనా అడిగావా?"

"మధ్యాహ్నం అన్నారు."

"మధ్యాహ్నమంటే పొద్దు చూసి చెప్పే మాట. గంట అడిగావా అని." ఇన్‌సుక్ నిప్పుగది తలుపు దగ్గరకెళ్ళి, "ఛున్‌జా పెద్దమ్మా! ఒక్కసారి ఇలా రా!" అని కేకేసింది.

ఛున్‌జా మునక ఆడవాళ్ళ పెద్ద. ఇన్‌సుక్‌ను ఊళ్ళోంచి పిలిపించింది ఆమే. రబ్బరు దుస్తులు సగం విప్పి నడుముకు చుట్టుకుని బయటికొచ్చింది. నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, మీరు మంట దగ్గర్నుంచి ఎప్పుడు లేస్తారు?"

"ఐసు బండి హారన్ కొట్టినప్పుడు. పొద్దున పట్టింది పాడవకుండా ఐసు పెట్టుకోవాలి కదే."

"బండి ఎన్నింటికి?"

"ఒంటిగంటంబావుకి. ఆ డ్రైవరు పెళ్ళాం చచ్చిన రోజు కూడా ఒంటిగంటంబావుకే వచ్చాడు."

"మధ్యలో ఎవరైనా లేచి బయటికెళ్తారా?"

"మడి మాట మొదలెట్టాక అందరం కలిసి లేచేదాకా ఒక్కరూ లేవకూడదు. అది మా అత్తల నాటి కట్టు. ఉచ్చ వచ్చినా బిగబట్టుకోవాల్సిందే. పోయిన నెల బిగబట్టుకోలేక నేనే..." అని తాక్ వైపు చూసి ఆపేసింది. "నీ ముందు ఆ కథెందుకులే నాయనా."

ఇన్‌సుక్ తాక్ వైపు తిరిగింది. "విన్నావుగా. ఫోను చేసింది ఒంటిగంటంబావులోపు, మూడుసార్లూ. అప్పుడు ఓక్‌సున్ పెద్దమ్మ లోపల మంట దగ్గరుంది. ఆమె ఫోను బయట బుట్టలో ఉంది. మనిషి లోపల, ఫోను బయట. మరి మాట్లాడింది ఎవరు, దయ్యమా?"

తాక్ ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. "సరే, బయటివాడెవడో ఆమె ఫోను తీశాడనుకో. లోపల తేలిన రోజు వాడికెలా తెలిసింది? ఈ గోడ రెండడుగుల మందం రాయి. బయట గాలి హోరు. చెవి ఆనించినా నాకేం వినపడలేదు, నేను చూశాను. లోపలివాళ్ళు చెప్పకుండా బయటివాడికి తెలీదు. తిప్పి తిప్పి మళ్ళీ నీ ముసలమ్మ దగ్గరికే వచ్చాం."

ఆ మాటలో పస ఉంది. శత్రువు నోట్లోంచి వచ్చినా పస పసే. ఇన్‌సుక్ బుట్ట దగ్గరకెళ్ళింది.

బుట్ట తలుపుకు కుడివైపున రొమ్మెత్తు మేకుకు వేలాడుతోంది. నైలాను తాడుతో అల్లిన బుట్ట, మూత లేదు. లోపల తొమ్మిది ఫోన్లు, పదోది తాక్ సంచిలో ఉంది. ఒక్కొక్కటీ నొక్కి చూసింది. ఎనిమిదింటికి తాళం ఉంది. ఒక దానికి లేదు. ఓక్‌సున్ ఫోనుకూ లేదని తాక్ కాగితంలోనే ఉంది. తీసినవాడికి ఏది తెరుచుకుంటుందో తెలుసు. ఒకరోజులో తెలిసే సంగతి కాదది.

బుట్టకు ఎదురుగా ముప్పై అంగల దూరంలో నీలం రంగు చిన్న ట్రక్కు ఆగి ఉంది. అది ఇన్‌సుక్ అన్నయ్య చంగిల్‌ది. అరవై ఒక్కేళ్ళవాడు. ఆడవాళ్ళు పట్టిన సరుకు, నీళ్ళలో ఆసరాకు పట్టుకునే తేలుబుర్రలు, వలసంచులు అన్నీ ఇరవై ఏళ్ళుగా ఆ ట్రక్కులోనే తిరుగుతున్నాయి. చెల్లెలు రావడం చూసి చెవిలోంచి ఒక ఇయర్‌ఫోను తీసి, కిటికీలోంచి కమలాపండు అందించాడు.

"తిను. పొద్దున్నించి ఏమీ తినుండవు."

"అన్నయ్యా, ఆ మూడు రోజులూ బుట్ట దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"నేను పాటలు పెట్టుకుని కునుకు తీస్తానే. ఐసువాడు హారన్ కొడితే లేస్తా. నాచు ఆరబెట్టే ఆడవాళ్ళు తిరుగుతుంటారు. గ్యాసువాడొస్తాడు. ఎవరినని చెప్పను?" అని నిట్టూర్చాడు. "పెద్దమ్మ అలా గట్టు మీద చలిలో కూర్చుంది చూడు. లోపలికి రానివ్వలేదుట. ట్రక్కులో కూర్చోమని చెప్పు, హీటర్ వేస్తా."

ఇంత పెద్ద ఊళ్ళో ఆ ముసలామెకు చలేస్తుందని తట్టింది వీడొక్కడికే కదా అనుకుంది ఇన్‌సుక్. మనసు కాస్త చల్లబడింది.

ఓక్‌సున్ సముద్రపు గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. తన మీద తీర్పు చెప్పేటప్పుడు మనిషి గదిలో ఉండకూడదు. అదీ అత్తల నాటి కట్టే.

"పెద్దమ్మా, నీ ఫోను ఎవరు తీశారు?"

"నాకేం తెలుసు?"

"తెలుసు. నీకు తెలియకపోతే ఈపాటికి ఊరెత్తిపోయేలా తిట్టేదానివి. డెబ్బై ఆరేళ్ళలో నువ్వు నోరు మూసుకున్నది ఇదే మొదటిసారి."

ముసలామె నవ్వింది. "నీళ్ళలో అయితే నాకు మోకాళ్ళ నొప్పి ఉండదే ఇన్‌సుక్. ఈ గట్టు మీదే ముసలిదాన్ని. లోపలికి దిగితే చేపపిల్లని." కాళ్ళ కింది అలలకేసి చెయ్యి ఊపింది. "పోనీలే. ఇక చాలు. మీ అమ్మ మీ ఇద్దర్నీ నా చేతిలో పెట్టిపోయింది. పెద్దవాళ్ళయ్యారు. నాకింకేం కావాలి?"

"నేనడిగింది అది కాదు."

ఓక్‌సున్ ఉన్నట్టుండి ముఖం ముడుచుకుని, "చూశావా ఛున్‌జా మాట! నలభై ఏళ్ళు ఒకే మంట కాచుకుని పక్కలో కత్తి దాచుకున్నానట. నా వేలు కోసుకుని దాని కాలు వల నుంచి విడిపించానే, ఆ రోజు గుర్తు లేదా దానికి!" అంది.

ఇన్‌సుక్ చెవులు రిక్కించింది. గాలి. అలలు. ఇంకేమీ లేదు. నిప్పుగది ఇక్కడికి నలభై అంగలుంటుంది.

"నీకెలా వినపడింది పెద్దమ్మా?"

"ఎలా ఏమిటే, చెవిలో!" అని ఓక్‌సున్ చెవి వెనక ఉన్న మిషన్ తట్టి చూపించింది.

నీటి ఒత్తిడికి చెవులు పోవడం మునిగేవాళ్ళకు మామూలే. రెండేళ్ళ కిందట పదిమందికీ చెవి మిషన్లు వచ్చాయి. అయినా పదిమంది ఒకేసారి అరుచుకుంటుంటే ఏదీ అర్థం కాక, మంట దగ్గర దూలానికి అగ్గిపెట్టెంత మైకు ఒకటి కట్టుకున్నారు. ఎవరు మాట్లాడినా మాట బ్లూటూత్‌లో తిన్నగా అందరి చెవుల్లోకి దిగుతుంది. ఇదంతా ఇన్‌సుక్ విన్నదే. ఫోన్లు బయట పెట్టించారు. మరి చెవులు? అవి ఎవరికీ ఫోన్లలా కనపడలేదు. తాక్‌కూ కనపడలేదు, టెలిఫోన్ శాఖలో ఇరవై ఏళ్ళు చేసిన ఇన్‌సుక్‌కూ కనపడలేదు.

"ఆ మైకు పెట్టినప్పుడు ఏదైనా నంబరు పెట్టుకోమన్నారా పెద్దమ్మా? తాళంలాగా?"

"ఆసుపత్రి పిల్ల చెప్పింది, ఏవో అంకెలు పెట్టుకోండని. ఛున్‌జా ఒప్పుకోలేదు. నిప్పుగది తలుపుకు మా ముత్తవ్వలు గొళ్ళెం పెట్టలేదు, తడిసి వచ్చినవాళ్ళెవరైనా తోసుకుని లోపలికి రావాలి, మంటకు లేని గొళ్ళెం మాటకెందుకు అంది. మేమందరం సరేనన్నాం. మంచి మాటే కదా?"

మంచి మాటే. ఆ మంచి మాటలోంచే దొంగ దూరాడు.

ఇన్‌సుక్ ఓక్‌సున్ చెయ్యి పట్టి నడిపించుకెళ్ళి ట్రక్కులో కూర్చోబెట్టింది. చంగిల్ హీటర్ వేసి, ఆమె మోకాళ్ళ మీద దుప్పటి కప్పాడు. అక్కణ్ణించి ఇన్‌సుక్ పరుగులాంటి నడకతో తాక్ దగ్గరికొచ్చి, నాచు ఆరబెట్టే తడికల వెనక్కి అతన్ని లాక్కుపోయింది. పన్నెండూ యాభై.

"ఏం చేస్తున్నావ్? నేను డ్యూటీలో ఉన్నా."

"ఊరుకో. ఇదిగో, చెవిలో పెట్టుకో." తన ఇయర్‌ఫోను ఒకటి అతనికిచ్చి, ఫోన్లో దగ్గర్లో ఉన్నవాటిని వెతికింది. ఏడెనిమిది పేర్లు కనపడ్డాయి. అందులో ఒకటి మైకు. దాన్ని నొక్కింది. అది ఎవరు నువ్వు అనలేదు, అంకె అడగలేదు. పిలవని పేరంటానికొచ్చినా పీట వేసిన ఇల్లాలిలా లోపలికి రానిచ్చేసింది.

ఇద్దరి చెవుల్లోనూ మంట చిటపట వినిపించింది. దాని వెనకే నవ్వులు.

"...ఆ బూసాన్ ఇన్‌స్పెక్టరు జుట్టు చూశావా, కాకికి నూనె రాసినట్టు!"

"రంగే తల్లీ. వాన పడనీ, కాలరు నల్లబడకపోతే అడుగు."

"నడక చూశావా? రబ్బరు దుస్తులు తిరగేసి తొడుక్కున్నవాడిలా..."

తాక్ చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి వెళ్ళింది. ఇన్‌సుక్ నవ్వలేదు.

"నలభై అంగలు. రెండడుగుల రాయి. ఏం, వినపడుతోందా?" అంది.

అతను ఇయర్‌ఫోను నెమ్మదిగా తీశాడు. మొదటిసారి గొంతు తగ్గింది. "అంటే ఎవడైనా వినచ్చు. ఈ చుట్టుపక్కల ఎవడైనా."

"ఎవడైనా వినచ్చు. కానీ ఇది అడగదే గానీ మరచిపోదు. ఎవరెవరు జత కలిశారో పేర్లు దాచుకుంటుంది." ఫోన్లో జాబితా తెరిచింది. పది జతల చెవి మిషన్లు, ఒకటి నుంచి పది దాకా కంపెనీ అంకెలతో. లెక్కకు పదకొండోది ఇప్పుడే కలిసిన తన ఇయర్‌ఫోను. అక్కడితో అయిపోవాలి.

కింద ఇంకొకటి ఉంది. దాని పక్కన తేదీ, మొదటి దొంగతనానికి వారం ముందుది. తేదీ పక్కన ఆకుపచ్చ చుక్క. అంటే ఈ నిమిషంలో కూడా వింటోంది.

ఆ పన్నెండో పేరు: గుమ్మడాకు.

ఇన్‌సుక్ ఆ పేరు మళ్ళీ చదివింది. ఆ పేరు ఏ కంపెనీ పెట్టలేదు. అన్నయ్య అరవయ్యో పుట్టినరోజున ఇయర్‌ఫోన్లు కొనిచ్చి, వాడికి చేతకాదని తానే ఫోన్లో కలిపి, తానే నవ్వుకుంటూ కొట్టిన పేరది. చిన్నప్పుడు వాడి చెవులు గాలికి ఊగేంత పెద్దవి. గుమ్మడాకులు రెపరెపలాడుతున్నాయిరా, టోపీ పెట్టుకో అని అమ్మ ఏడిపించేది. అమ్మ పోయాక ఆ మాట తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే మిగిలారు. ఒకడు దొంగ. ఒకత్తె డిటెక్టివ్. మూడో మనిషి అన్నీ తెలిసి, నోరు కుట్టుకుని, వాడి పక్క సీట్లోనే దుప్పటి కప్పుకుని కూర్చుంది.

బుట్టకెదురుగా ట్రక్కులో ఉండేది వాడే. ఏ ఫోనుకు తాళం లేదో ఇరవై ఏళ్ళుగా వీళ్ళ సామాన్లు మోసినవాడికి తెలియదా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టాల్సింది చెల్లెలే అయితే ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు!

"ఎవరిది ఆ పేరు?" అన్నాడు తాక్.

"తెలీదు," అంది ఇన్‌సుక్.

ఏ కేసులోనూ ఆమె అబద్ధం ఆడి ఎరగదు. అందుకే అది ఆమె నోట్లో అతకలేదు. తాక్ ఆమె ముఖంలోకి చూశాడు. మూర్ఖుడే కావచ్చు, కానీ పోలీసు. ఆ చూపు తప్పించుకుని ఆమె నిప్పుగది వైపు నడిచింది. మూడు అంగలు వేసేసరికి, ఫోన్లో ఆ ఒక్క పేరు చెరిపేస్తే అది ఎవరిదో ఎవరికీ తెలియదు కదా అనిపించింది. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. ఇంకో మూడు అంగలు వేసేసరికి, వాడు ఇందాక ఇచ్చిన కమలాపండు కోటు జేబులో తొడకు తగిలింది. దాన్ని తీసి గోడ మీద పెట్టేసింది.

ఒంటిగంట. తలుపు తోసింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు మంట చుట్టూ కూర్చుని ఉన్నారు. మంటకు దగ్గరగా, పొగ తగలని వైపు, ఓక్‌సున్ చోటు ఖాళీగా ఉంది. ఛున్‌జా అప్పుడే అంటోంది, "ఇక ఆలస్యమెందుకు. ఓక్‌సున్ ఇక వద్దనేవాళ్ళు చేతులెత్తండి."

"ఎత్తకండి," అంది ఇన్‌సుక్. దూలానికున్న మైకు విప్పి చేతిలోకి తీసుకుంది.  ఫోను ఎదురుగా రాతి మీద పెట్టింది, జాబితా కనపడేలా.

"ఇదేమిటే, తీర్పు మధ్యలో..." అంది ఛున్‌జా.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం. నేను మాట్లాడేది మీతో కాదు." మైకు నోటి దగ్గర పెట్టుకుంది. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేదు, తిన్నగా చెవిలోకే కదా పోయేది. "అన్నయ్యా. నేను ఇన్‌సుక్‌ని. నువ్వు వింటున్నావని తెలుసు. నీ పేరు నా ముందుంది, నేను పెట్టిన పేరే."

 ఒకామె నోటికి కొంగు బదులు తువ్వాలు అడ్డం పెట్టుకుంది. ఛున్‌జా మాత్రం, "చంగిలా? మన చంగిలా?" అని, వినకూడనిది విన్నట్టు తన చెవి మిషన్ పీకేసింది.

"ఓక్‌సున్ పెద్దమ్మా, నీకూ వినిపిస్తోందిగా," అంది ఇన్‌సుక్. "ఓసారి హారన్‌కు అందరికంటే ముందు బయటికొచ్చి, వాడు నీ ఫోను బుట్టలో పెడుతుంటే చూసి ఉంటావు. మా అమ్మకిచ్చిన మాట కోసం నీ సముద్రాన్ని వదులుకుందామనుకున్నావు. వద్దు. మా అమ్మ ఉంటే వాణ్ణి చెవి పట్టుకుని ఈ గడప ముందు నిలబెట్టేది. అన్నయ్యా, ఎందుకు చేశావో నాకిప్పుడు అక్కర్లేదు. దిగు. పెద్దమ్మను చెయ్యి పట్టుకుని దించు. నీ కాళ్ళతో నువ్వే నడిచి రా. నువ్వు వస్తే నీ పక్కన నేను నిలబడతాను. ఒట్టు."

 అందరూ ఫోను వైపే చూస్తున్నారు. గుమ్మడాకు పక్కన ఆకుపచ్చ చుక్క ఇంకా వెలుగుతోంది. వాడు వింటున్నాడు. ఒక్క క్షణం, రెండు, మూడు. ఇన్‌సుక్‌కు ఆశ పుట్టింది.

చుక్క ఆరిపోయింది.

చెవిలోంచి పీకేశాడన్నమాట. ఆ వెంటనే బయట ట్రక్కు ఇంజను పెద్దగా మొరిగింది. టైర్లు గులకరాళ్ళను చిమ్మిన చప్పుడు, తాక్ "ఆగు! ఆపు!" అని పరిగెత్తుతున్న చప్పుడు. ఆడవాళ్ళు లేచి గుమ్మంలోకి తోసుకున్నారు. ఇన్‌సుక్ ఒక్కతే కదల్లేదు. ఆమె కళ్ళు ఏడో అంకె మీదున్నాయి, అది ఓక్‌సున్ చెవి మిషన్. దాని చుక్క వెలుగుతూనే ఉంది. మిణికింది. మళ్ళీ వెలిగింది. మైకులో "పెద్దమ్మా, తలుపు తీసి దూకెయ్!" అని ఇన్‌సుక్ అరిచిన అరుపు ఆ చెవిని చేరిందో లేదో, నలభై, యాభై, అరవై అంగలు దాటేసరికి ఆ చుక్క కూడా ఆరిపోయింది.

తాక్ రొప్పుతూ గుమ్మం దాకా వచ్చాడు. గడప దాటకూడదని గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాడు. "ముసలమ్మ ట్రక్కులోనే ఉంది. రేవు వైపు పోతున్నాడు. అక్కడ పడవేదైనా ఎదురుచూస్తుంటే..." వైర్‌లెస్ తీసి, "నంబరు! ఆ ట్రక్కు నంబరు ఎవరికైనా తెలుసా?" అని కేకేశాడు.

తొమ్మిదిమంది ఆడవాళ్ళూ ఇన్‌సుక్ వైపు చూశారు.  చెప్పాల్సింది ఎవరో వాళ్ళకు తెలుసు.

"ఎనభై రెండు, నలభై ఏడు, పదహారు," అంది ఇన్‌సుక్. "నీలం రంగు. నడిపేవాడు బూ చంగిల్, నా తోడబుట్టినవాడు. రాసుకో. మళ్ళీ అడగకు, రెండోసారి నా నోట రాదు."